‘జవాబిచ్చే లోయ’ చదివినవాళ్ళు

ఆర్డిత్ మలనాక్స్ స్కూలు బస్సు నడిపినంత కాలం స్ప్రూస్ ఫోర్క్ పిల్లలెవరూ బస్సులో అల్లరి చెయ్యలేదు. భయపడి కాదు. ఆవిడ కథ చెబుతూ నడిపేది. పాడుబడ్డ మిల్లులో తలుపు దానంతటదే తెరుచుకునే చోటుకి కథ రాగానే బడి గేటు వచ్చేసేది. మిగతా కథ సాయంత్రమే. ఆ ఊళ్ళో ఒళ్ళు వెచ్చబడ్డా బడి మానని పిల్లలు ఉండేవారంటే అది పంతుళ్ళ గొప్పతనం కాదు, ఆర్డిత్ గొప్పతనం.

పెళ్ళి చేసుకోలేదు. ఎవరైనా అడిగితే, "బస్సు నిండా పిల్లలున్నారు, ఇంకా ఎందుకమ్మా?" అనేది. దెయ్యాల పుస్తకాలంటే చెవి కోసుకునేది కానీ, దెయ్యాలున్నాయని ఒక్కనాడూ నమ్మలేదు. మంచు కమ్మిన కొండదారిలో అన్నేళ్ళు బస్సు నడిపిన మనిషి. రోడ్డు మీద ఏదైనా తెల్లగా కనిపిస్తే ముందు బ్రేకు మీద కాలు వేసేది, తర్వాత అది జింకో పొగమంచో చూసుకునేది.

వెస్ట్ వర్జీనియా కొండల్లో ఆ మూలన సెల్‌ఫోన్లు పలకవు. పెద్ద గిన్నె ఉంది కదా మరి. ఆకాశంలోంచి వచ్చే సన్నటి సడి వినే ఆ తెల్లటి టెలిస్కోపు చుట్టూ మైళ్ళ మేర ఎవరూ గాలిలో సిగ్నళ్ళు వదలకూడదు. ఊళ్ళో తలుపు సందులోంచి చూసినా గిన్నె అంచే కనిపిస్తుంది. చిన్నపిల్లలు చందమామ బొమ్మ గీస్తే పక్కనే గిన్నె బొమ్మ కూడా గీస్తారు. అలాంటి చోట సాయంత్రాలు మరీ పొడుగ్గా ఉంటాయి. కాబట్టి జనం చదువుతారు. బస్సు తాళాలు అప్పగించేశాక ఆర్డిత్ లైబ్రరీ చూసుకోవడం మొదలుపెట్టింది. గురువారం మధ్యాహ్నాల పాఠకుల గుంపు ఆవిడ పెట్టిందే. గోడకి ఒక చెక్క పలక కొట్టించి, పుస్తకం చదివినవాళ్ళు తమకేమనిపించిందో చీటీ రాసి దాని మీద గుచ్చాలని నియమం పెట్టింది. "బాగుంది" అని ఊరికే రాస్తే పీకి పారేసేది. "బాగుందని మా పిల్లి కూడా చెబుతుంది. ఎందుకు బాగుందో చెప్పు," అనేది.

ఆ ఏడాది ఎండాకాలం చివర్లో ‘జవాబిచ్చే లోయ’ వచ్చింది. రాసినవాడు ఎక్కడో పెద్ద పట్నంలో ఉంటాడు. కథ మాత్రం అచ్చం తమ ఊరి లాంటి ఊళ్ళో, అచ్చం తమ గిన్నె లాంటి గిన్నె నీడన జరుగుతుంది. ప్రతిదాని వెనకా కుట్ర ఉందని నమ్మే నలుగురు స్నేహితులు ఆ గిన్నె గుట్టు బయటపెడతామని వస్తారు. కొండ నడుమ ఒక లోయలో మకాం పెడతారు. విచిత్రమేమిటంటే, అక్కడ కూర్చుని నలుగురూ ఏ మాట నమ్మితే అది తెల్లారేసరికి నిజమైపోతుంది. నీళ్ళలో ఏదో కలిపారంటారు, పొద్దున కొళాయిలో నల్లనీళ్ళు వస్తాయి. పోలీసు షెరీఫు మనిషే కాదంటారు, మర్నాడు ఎండలో అతనికి నీడ పడదు. భయపడి ఇద్దరు పారిపోతారు, ఒకడు చచ్చిపోతాడు. చివరికి మిగిలినవాడు ఒక తండ్రి. ఏట్లో మునిగిపోయిన తన కూతుర్ని నిజానికి ఎవరో దాచేశారని అతని నమ్మకం. లోయ అంచున ఉన్న గుహలోంచి ఆ పిల్ల గొంతు పిలుస్తుంది. అతను గుహ మొగలో నిలబడి బూట్లు విప్పుతాడు. అక్కడితో పుస్తకం అయిపోతుంది.

లైబ్రరీకి వచ్చిన కాపీలు చేతులు మారీ మారీ అట్టలు ఊడిపోయాయి. చీటీలకి పలక చాలక, ఆర్డిత్ పక్క గోడకి కూడా మేకులు కొట్టింది.

మిల్లులో కలప కోసి రిటైరైన ఆర్వల్ గాల్‌ఫర్డ్ ఇలా రాశాడు: "ఈ పుస్తకంలోలా జనవరిలో ఎలుగుబంటి తిరగదు, నిద్రపోతుంది. ఆ ఒక్క ముక్క తెలియనివాడు దెయ్యాల గురించి ఏం చెబుతాడు?" పాస్టరుగారి భార్య, పాస్టరమ్మ లర్లీన్ రాసింది: "రెండుసార్లు చదివాను. రెండోసారి తిట్టడానికి చదివాను. అయినా నిద్రపట్టలేదు." పేరు రాయని ఒకావిడ: "ఇది చదివాక మా ఆయన గొడ్లపాకలోకి ఒంటరిగా వెళ్ళడం లేదు. పుస్తకం చాలా బాగుంది." టెక్సస్ నుంచి వచ్చి గిన్నె దగ్గర పనిచేసే యెసేనియా రొబ్లేడో అనే అమ్మాయి: "గిన్నె దగ్గర మా పని గదిలో నిజానికి అంత చీకటి ఉండదు. కాఫీ మాత్రం పుస్తకంలో చెప్పినంత దరిద్రంగానే ఉంటుంది."

గురువారం వస్తే మాటకు మాట. ఆ తండ్రి గుహలోకి వెళ్ళాడా, లేదా? ఊరు రెండుగా చీలిపోయింది.

"వెళ్ళాడు, చచ్చాడు. అంతేగా! అందులో పెద్ద తెలుసుకునేదేముంది?" అన్నాడు ఆర్వల్, మాంసం కూరిన పెప్పరోనీ రొట్టె నములుతూ.

"చావలేదు. కూతుర్ని చేరుకున్నాడు," అంది పాస్టరమ్మ.

"గుహలో దెయ్యాన్ని చేరుకున్నాడని మీరే అంటున్నారా, పాస్టరమ్మా? ఆదివారం పాస్టరుగారితో చెబుతానుండండి."

"చెప్పు నాయనా. ఆయనా చదువుతున్నాడు, మంచం కింద దాచుకుని."

అందరూ పగలబడి నవ్వారు. ఆర్డిత్ మాత్రం నవ్వలేదు. ఆ పుస్తకం చదివినప్పటి నుంచి ఆవిడకి ఒక మనిషే గుర్తొస్తున్నాడు. అంతమంది చీటీలు రాసినా, రాయించిన మనిషి తన చీటీ గుచ్చలేదన్న సంగతి ఎవరూ గమనించలేదు.

ఆవిడకి ఒక తమ్ముడున్నాడు. పేరు డెన్జిల్. ఊరికి పైన, లారెల్ లోయ చివర ఒంటరిగా ఉంటాడు. చిన్నప్పుడు అక్క వెనకే తిరిగేవాడు. పెద్దయ్యాక వేవలీన్ అనే చక్కటి పిల్లని చేసుకున్నాడు. ఆ పిల్ల పని చేసుకుంటున్నంతసేపూ కూనిరాగం తీస్తూనే ఉండేది. ఆమె తలలో గడ్డ పుట్టి, చూస్తుండగానే పోయింది. ఆ తర్వాత డెన్జిల్‌కి ఒక మాట పట్టుకుంది. ఆ గిన్నె చూసేది ఆకాశాన్ని కాదు, మనుషుల తలల్లోకి చూస్తుంది. వేవలీన్ తలలోకి మరీ ఎక్కువ చూసింది. ఎవరు కనబడ్డా అదే మాట. గిన్నె చూపు లోపలికి రాకుండా ఇంటి చుట్టూ రేకులు కొట్టాడు. ఎక్కడెక్కడి నుంచో తనలాంటివాళ్ళు వస్తే వాళ్ళని కూర్చోబెట్టి గిన్నెకేసి వేలు చూపించేవాడు.

వేవలీన్‌ని పూడ్చిన రోజున, సమాధి మట్టి ఇంకా తడారకముందే, అందరి ముందూ ఆర్డిత్ అనేసింది. "అది గడ్డతో పోయిందిరా, గిన్నెతో కాదు. ఇంకోసారి ఆ మాటెత్తావంటే నా గుమ్మం తొక్కకు."

ఆవిడకి ముక్కు మీద కోపం, అతనికి గుండెనిండా పంతం. డెన్జిల్ ఆ మాట మానలేదు, ఆ గుమ్మమూ తొక్కలేదు. ఏళ్ళు గడిచిపోయాయి. రోడ్డు మీద అతని ట్రక్కు ఎదురైతే ఇద్దరూ చెరో వేలు స్టీరింగు మీంచి ఎత్తేవారు. ఆ కొండల్లో ముక్కూమొహం తెలియనివాళ్ళకి కూడా చేసే మర్యాద అది.

అక్టోబరులో ఒక గురువారం, వాదన మంచి పాకాన పడ్డ సమయంలో లైబ్రరీ తలుపు తెరుచుకుంది. డెన్జిల్ లోపలికొచ్చాడు. చంకలో ‘జవాబిచ్చే లోయ’. ఎవరిచ్చారో ఏమో! గడ్డం సగానికి పైగా నెరిసింది. టోపీ తీసి చేత్తో పట్టుకుని, గోడకి ఆనుకుని నిలబడ్డాడు. ఆర్డిత్ తన చేతిలో పుస్తకం మూసి ఒళ్ళో పెట్టుకుంది.

"మీరంతా ఈ పుస్తకం గురించి మాట్లాడుకుంటున్నారని విన్నాను," అన్నాడు. "నేనో మాట చెప్పిపోతాను. అతను లోపలికి వెళ్ళలేదు."

"అదెట్లా చెబుతావు? పుస్తకంలో లేదుగా!" అన్నాడు ఆర్వల్, కొంచెం తగ్గిన గొంతుతో.

"బూట్లు విప్పాడని ఉందిగా. గుహలోపల అంతా పదునురాళ్ళు. వెళ్ళేవాడైతే బూట్లతోనే పోతాడు. విప్పాడంటే అక్కడే కూర్చుండిపోయాడన్నమాట. పవిత్రమైన చోట కూర్చున్నట్టు."

"నీకెట్లా తెలుసు, డెన్జిల్?" అని మెల్లిగా అడిగింది పాస్టరమ్మ.

"నేనూ విప్పాను గనక."

డెన్జిల్ టోపీని చేతుల్లో తిప్పుతూ, నేలకేసి చూస్తూ చెప్పాడు. తన ఇంటి వెనక కొండలో ఒక గుహ ఉంది. వాన ముసురుకొచ్చే రోజున దానికి గొంతొస్తుంది. మొదటిసారి విన్నప్పుడు బకెట్టు చేతిలోంచి జారిపోయింది. అది వేవలీన్ కూనిరాగం. మాటలుండవు. పిండి కలుపుతూ ఆమె తీసే రాగమే. లోపలికి వెళ్దామని ఎన్నోసార్లు వంగాడు. వెళ్తే ఆగిపోతుందేమోనని భయమేసింది. "వీడు రాసింది అన్నీ తప్పులే," అని పుస్తకం మీద చెయ్యి వేశాడు. "షెరీఫూ, నల్లనీళ్ళూ అంతా చెత్త. ఆ ఆఖరు పేజీ ఒక్కటే నిజం. అదెట్లా తెలిసిందో వాడికి!"

యెసేనియా ముందుకి వంగింది. "మమ్మల్ని ఒకసారి తీసుకెళ్తారా అండీ? మాకూ వినాలనుంది."

"నువ్వెవరి పిల్లవమ్మా?"

"గిన్నె దగ్గర పనిచేస్తానండీ."

డెన్జిల్ మొహం బిగుసుకుపోయింది. టోపీ నెత్తిన పెట్టుకున్నాడు. "మీరే కదా, నా భార్య తలలోకి తొంగిచూసింది."

"మేం మనుషుల్ని వినమండీ."

"అలాగే అంటారు."

తలుపు వైపు తిరిగాడు. అప్పుడు ఆర్డిత్ నోరు పెగిలింది.

"ఒరేయ్ డెన్జిల్! కూర్చో."

ఇన్నేళ్ళ తర్వాత అక్క తమ్ముడితో అన్న మొదటి మాట అది. పెద్ద ప్రేమగా కూడా అనలేదు, బస్సులో పిల్లాణ్ణి అదిలించినట్టే అంది. డెన్జిల్ అటూ ఇటూ చూసి, దగ్గర్లో ఉన్న కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. పాస్టరమ్మ అతని చేతిలో కాఫీ కప్పు పెట్టింది. అది తాగి వెళ్ళేటప్పుడు, "వాన ముసురుకొచ్చే రోజున ఫోను చేస్తాను, వినాలనుకున్నవాళ్ళు రండి," అన్నాడు.

కొన్నాళ్ళకి ఒకరోజు పొద్దున్నే మబ్బులు కొండల మీదకి దిగాయి. ఆర్డిత్ ఇంట్లో తీగ ఫోను మోగింది. "రండి. ఇవాళ పలుకుతుంది," అని డెన్జిల్ గొంతు, అంతే. ఆర్డిత్, ఆర్వల్, పాస్టరమ్మ, యెసేనియా నలుగురూ బయల్దేరారు. లోయ మొదట్లో బండి ఆపి నడిచారు. మేపుల్ ఆకులు ఎర్రగా రాలి ఉన్నాయి. గాలన్నదే లేదు. ఆర్వల్ దారి పొడుగునా గొణుగుతూనే ఉన్నాడు. "గుహలు ఊపిరి తీస్తాయమ్మా. మా నాన్న చెప్పేవాడు. వాన ముందు లోపలి గాలి బయటికి తన్నుకొస్తుంది. మనం సీసా మూతి మీద ఊదితే బూమ్మనదూ? అంతే. దీనికోసం నా మోకాళ్ళు అరగదీయాలా?"

"అరిగినవాటినేం అరగదీస్తావు గానీ, నడు," అంది పాస్టరమ్మ.

గుహ మొగ మనిషి నడుమెత్తు కూడా లేదు. చుట్టూ చెట్ల మీద ఒక్క ఆకు కదలడం లేదు గానీ, ఆ మొగలో ఉన్న ఫెర్న్ ఆకులు మాత్రం బయటికి వంగి అల్లాడుతున్నాయి. దగ్గరికి వెళ్ళేసరికి మొహాలకి చల్లటి ఊపిరి తగిలింది, తడి రాతి వాసనతో. డెన్జిల్ ఒక బండ మీద కూర్చుని బూట్లు విప్పి పక్కన పెట్టాడు. ఎవరూ చెప్పకపోయినా మిగతావాళ్ళు కూడా అలాగే చేశారు. ఆర్వల్ అందరికన్నా ఆఖరున.

మొదట ఏమీ లేదు. తర్వాత కొండ లోతుల్లోంచి సన్నగా ఒక సడి బయల్దేరింది. పెరిగింది, తగ్గింది, మలుపు తిరిగింది. గాలి అనుకుంటే గాలే. కానీ గాలికి అంత తీరిక ఎక్కడిది? ఎవరో పనిచేసుకుంటూ, వినేవాళ్ళున్నారని తెలియకుండా, తనలో తాను పాడుకుంటున్నట్టుంది. పాస్టరమ్మ కీర్తన మొదలుపెట్టబోయి, రెండు మాటల దగ్గరే ఆపేసింది. యెసేనియా కళ్ళు మూసుకుంది. ఆర్వల్ నోరు తెరుచుకుని ఉండిపోయాడు. చిన్నప్పుడు కలప దుంగ కింద నలిగి చనిపోయిన వాళ్ళన్న, కుక్కని పిలవడానికి వేసే ఈల వినిపించిందట. ఆ సంగతి అతను తర్వాతెప్పుడో చెప్పాడు. అప్పుడు మాత్రం తడిమట్టిలో చతికిలబడి, టోపీ మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

ఆర్డిత్ చెవులు రిక్కించింది. వేవలీన్ రాగం ఆవిడకి బాగా తెలుసు. దానికోసం వెతికింది. తల్లి గొంతు కోసం వెతికింది. ఆవిడకి వినబడింది గాలి, ఒట్టి గాలి. ఎంత ప్రయత్నించినా అది ఇంకేమీ కాలేదు. అప్పుడు తమ్ముడికేసి తిరిగింది.

డెన్జిల్ తల కొంచెం పక్కకి వాల్చి వింటున్నాడు. మొహంలోని గీతలన్నీ ఎక్కడికో పోయాయి. చిన్నప్పుడు జ్వరమొస్తే నుదుటి మీద అక్క చెయ్యి పడగానే అలాగే ఉండేవాడు. ఆర్డిత్‌కి ఒళ్ళు గగుర్పొడిచింది. ఇన్నేళ్ళూ ఈ మనిషి ఈ కొండలో ఒంటరిగా రేకుల వెనక బతుకుతున్నాడని జాలిపడింది, కోప్పడింది, సిగ్గుపడింది. ఒంటరిగా లేడు. వాన ముసురుకొచ్చిన ప్రతి రోజూ ఇక్కడికొచ్చి, పాదాలు రాతి మీద పెట్టి, ఇలా కూర్చున్నాడు. తన ఎదురుగా ఉన్నది ఎంత పెద్దదో ఆవిడకి మాటల్లో పెట్టుకోవడం చేతకాలేదు. ఎన్ని పుస్తకాలు చదివినా, ఇంతటిది ఏ పుస్తకంలోనూ ఆవిడకి ఎదురుపడలేదు.

వాన చినుకులు మొదలయ్యాయి. సడి సన్నబడి సన్నబడి ఆగిపోయింది. కిందకి దిగుతున్నప్పుడు డెన్జిల్ వెనక్కి తగ్గి అక్క పక్కకి వచ్చాడు.

"విన్నావా, అక్కా?"

అబద్ధం చెప్పడానికి ఆవిడకి మనసొప్పలేదు. "నాకు గాలే వినబడిందిరా. కానీ నువ్వు వింటుంటే చూశాను."

డెన్జిల్ అక్క మొహంలోకి చూసి, నాలుగడుగులు ముందు నడిచాడు. తర్వాత, "జారుతుంది, చూసి అడుగెయ్యి," అని చెయ్యి అందించాడు. ఆవిడ పట్టుకుంది. బండి దాకా వదల్లేదు.

బండి దగ్గర యెసేనియా డెన్జిల్ ఎదురుగా వచ్చి నిలబడింది. "మీరు నాకు మీ చోటు చూపించారు. మీరు వస్తానంటే మా చోటు నేను చూపిస్తానండీ. మీరేం ఒప్పుకోనక్కర్లేదు. ఊరికే రండి."

"నన్నా? ఆ గిన్నె కిందకా?" డెన్జిల్ అక్కకేసి చూశాడు.

"నేనూ వస్తాలేరా," అంది ఆర్డిత్. "నిన్ను చూసి అదే భయపడుతుంది."

వెళ్ళారు. మంచు పడడానికి ముందు ఎండ కాసిన ఒక మధ్యాహ్నం. గిన్నె కింద నిలబడితే ఆకాశం సగం కనిపించకుండా పోయింది. ఆర్డిత్ పుట్టి పెరిగిందంతా దాన్ని చూస్తూనే గానీ, ఇంత దగ్గరికి ఎప్పుడూ రాలేదు. డెన్జిల్ చాలాసేపు అడుగు ముందుకి వెయ్యలేదు. చివరికి వెళ్ళి ఆ ఇనప దూలం మీద అరచెయ్యి ఆనించాడు, తన్నే గుర్రాన్ని నిమిరినట్టు. అది ఏమీ చెయ్యలేదు.

లోపల చిన్న గదిలో యెసేనియా ఒక స్పీకరు పెట్టింది. బరబరమని చప్పుడు. దానిలోంచి మెల్లిగా ఒక దెబ్బ పైకొచ్చింది. టక్. టక్. టక్. తడబాటు లేదు, తొందర లేదు.

"ఏమిటది?" అన్నాడు డెన్జిల్.

"నక్షత్రం అండీ. ఎప్పుడో చచ్చిపోయింది. మన దేశాలు, మన భాషలు పుట్టకముందే బయల్దేరిన చప్పుడు ఇది. ఇప్పటికి మన దాకా వచ్చింది."

"చచ్చిపోయిందా?" అతను స్పీకరు దగ్గరికి చెవి వంచాడు. "మరి ఇంకా కొట్టుకుంటోందేమిటమ్మా!"

"అదేనండీ మాకూ ఆశ్చర్యం. రోజూ వింటాం, అయినా రోజూ ఆశ్చర్యమే."

ఆర్డిత్‌కి ఉన్నట్టుండి కళ్ళు నిండిపోయాయి. గుహ దగ్గర రానిది ఇక్కడొచ్చింది. గుండెలో గుండె కొట్టుకున్నట్టు ఆ చప్పుడు ఆవిడ ఎముకల్లోకి దిగింది. ఆ చోటు ఎంత దూరమో ఊహించబోతే తల తిరిగింది. అంత దూరాన చీకట్లో, వినేవాళ్ళెవరూ లేకపోయినా అది అలా కొట్టుకుంటూనే ఉందన్న మాట. ఆవిడ తమ్ముడి భుజం పట్టుకుంది. డెన్జిల్ కదలకుండా నిలబడ్డాడు. ఇద్దరూ చాలాసేపు అలాగే విన్నారు. యెసేనియా వాళ్ళని తొందరపెట్టలేదు.

బయటికొచ్చాక డెన్జిల్ గిన్నెకేసి మెడ రిక్కించి చూశాడు. "వీళ్ళు ఆ నక్షత్రాన్నీ వింటారు, మననీ వింటారు," అన్నాడు. నమ్మకం పోలేదు. కానీ ఆ గొంతులో పగ లేదు. "వింటే విననీ. వినేటప్పుడు ఆ పిల్ల మొహం చూశావా, అక్కా? చర్చిలో ఉన్నట్టుంది."

ఆ చలికాలం మంచు మరీ ఎక్కువ పడి లారెల్ లోయ పైదారి బళ్ళకి మూసుకుపోయింది. దారి మూతపడకముందే డెన్జిల్ ఒక సంచీ, ఒక పెనం పట్టుకుని కిందకి దిగివచ్చాడు. అక్క గుమ్మం దగ్గర ఆగి, బూట్ల మంచు దులుపుకుంటూ, పిలుస్తుందా లేదా అన్నట్టు నిలబడ్డాడు. "చలి లోపలికొస్తోంది, తలుపేసి రా," అంది ఆర్డిత్ వంటింట్లోంచి. వసంతం దాకా ఉన్నాడు. పొద్దున్నే బక్‌వీట్ పిండితో అట్లు వేసేవాడు. సాయంత్రాలు ఇద్దరూ ఒకే పుస్తకం వంతులేసుకుని చదివేవారు, పోట్లాడుకునేవారు. గిన్నె గురించి వాళ్ళిద్దరూ చివరిదాకా ఏకం కాలేదు. ఆవిడ ఆ మాటెత్తి అతణ్ణి మళ్ళీ తిట్టనూ లేదు.

వానో మంచో ముసురుకొచ్చే రోజుల్లో మాత్రం డెన్జిల్ కిటికీ దగ్గర నిలబడి కొండకేసి చూసేవాడు. అప్పుడు ఆర్డిత్ కోటు తొడుక్కుని, బండి తాళాలు తీసుకుని, "పద, మంచు గట్టిపడింది, సగం దాకా బండి పోతుంది, మిగతాది నడుద్దాం," అనేది. అక్కడ ఆవిడకి ప్రతిసారీ గాలే వినబడేది. అయినా బూట్లు విప్పి, తమ్ముడి పక్కన రాతి మీద కూర్చుని, అతను వింటున్నంతసేపూ కూర్చునే ఉండేది.